లైట్ అన్న మాట

ఫ్రిస్కోలో మా పక్కింటి తెల్ల తాత రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు నడిపినవాడు. మా ఆయన పెరట్లో ఫోన్ పట్టుకుని ఎవరికో "లైట్ తీస్కో బ్రో" అన్నప్పుడల్లా, అవతల నుంచి తాత కంచె చెక్క మీద పిడికిలితో దబ్బున కొట్టేవాడు. మా తెలుగంతటిలో తాత చెవికి తగిలేది ఆ 'లైట్' ఒక్కటే.

ఒకరోజు ఉండబట్టలేక ఎందుకని అడిగాను. తను పనిచేసిన ట్యాంకుల డివిజన్ యుద్ధచరిత్ర పుస్తకం తెచ్చి, ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ఆనాటి పోరులో ప్రాణనష్టం 'లైట్', అంటే స్వల్పమే, అని ఉంది.

"ఆ లైట్ అంటే నా ట్యాంకే. నేనొక్కణ్ణే బయటపడ్డాను. మిగతా నలుగురూ లోపలే కాలిపోయారు. వాళ్ల అరుపులు విన్నవాడెవడైనా ఆ మాట రాస్తాడా?" అని మళ్లీ కంచె మీద కొట్టాడు.

ఎవడు రాశాడో, ఎంత చల్లటి గదిలో కూర్చుని రాశాడో! అప్పటినుంచి మా ఇంట్లో ఆ మాట అననివ్వలేదు.

తాత పోయాక, సంతాపసభలో యూనిఫాం వేసుకున్న ఒకాయన అదే పుస్తకం తెరిచి, అదే వాక్యం గర్వంగా చదివాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేవబోతుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని గుసగుసగా అన్నాడు: "ఇక్కడ సీన్ చేయకు. లైట్ తీస్కో."

ముందున్న బెంచీ మీద నా పిడికిలి దబ్బున పడింది. చదువుతున్నాయన ఆగిపోయాడు.