డిపాజిట్ మాఫీకి అత్తరు పూసుకుని

వరంగల్‌లో మాది చిన్న జంపఖానాల కార్ఖానా. మగ్గాలు రెండే, నేసేది అబ్బా, చిన్నాయన. ఆ ఎండాకాలం తనిఖీకి వచ్చిన పీఎఫ్ ఆఫీసరు మా కూలర్ ముందు చల్లగా కూర్చున్న చుట్టపక్కాలందరినీ పనివాళ్ల కింద రాసుకుపోయాడు. అందులో మా నానమ్మ కూడా ఉంది. కార్ఖానాలో ఆమె చేసే పనల్లా పాన్ నమలడం. వాళ్లందరి పేరిట పీఎఫ్ చందా బాకీ పడ్డామని నోటీసు వచ్చింది.

అప్పీలు చేసుకోవచ్చట. కానీ అడిగిన దాంట్లో ముప్పావు వంతు ముందే డిపాజిట్ కట్టాలట. కట్టాలంటే మగ్గాలు అమ్మాలి. మగ్గాలే పోయాక ఇక అప్పీలు దేనికి? వకీలు ఒక దారి చెప్పాడు. కట్టలేని స్థితి అని నమ్మితే జడ్జి తన విచక్షణతో డిపాజిట్ మాఫీ చేయొచ్చు.

"పాత అంగీ తొడుక్కొని రా చాచా. అడిగితే జర కష్టం చెప్పుకో" అన్నాడు.

అమ్మీ వింటేనా! "పెద్దమనుషుల ముందటికి పోతాండు, పాత అంగీ ఏంది?" అని పండక్కి కుట్టించిన తెల్ల లాల్చీ ఇస్త్రీ చేసింది. అబ్బా అత్తరు పూసుకున్నాడు. కాజీపేటలో రైలెక్కుతుంటే పేదరికం రుజువు చేసుకోవడానికి కాదు, పెళ్లిచూపులకు పోతున్నట్టున్నాం. నాకు ఒళ్లు మండింది.

హైదరాబాదులో జడ్జి కాగితాలు తిరగేసి నేరుగా అబ్బానే అడిగాడు.

"వ్యాపారం ఎట్లా నడుస్తోంది?"

మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. మగ్గం విరిగినా, పొయ్యి వెలగకపోయినా అదే.

"మీ దువాతో మంచిగుంది సార్."

వకీలు కళ్లు మూసుకున్నాడు.

"మంచిగుంటే డిపాజిట్ కట్టొచ్చు కదా?"

"కడత సార్. మగ్గాలు అమ్మి కడత."

"అమ్మితే వ్యాపారం ఎట్లా నడుస్తుంది?"

"అల్లా దయ సార్. మంచిగనే నడుస్తది."

వెనక నుంచి లాల్చీ గుంజాను. అబ్బా నా చేయి విదిలించాడు. ఆయన వేళ్ల నిండా నూలు కోసిన గాట్లే. జడ్జి ఆ చేతుల వైపే కాసేపు చూసి, డిపాజిట్ మొత్తం మాఫీ చేశాడు. కారణం రాయాలి కాబట్టి రాశాడు: అప్పీలుదారు నిరుపేద, ఆ సంగతి చెప్పుకోవడానికి నోరు రాని మనిషి.

బయట వకీలు ఆ ముక్క చదివి వినిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బా మొహం మాత్రం మాడిపోయింది.

"నిరుపేద అని రాసిండా? దాని మీద అప్పీలుకు పోవచ్చా?"

"పోవచ్చు చాచా. గెలిస్తే మగ్గాలు అమ్మాలె."

తిరుగు రైల్లో పక్క సీటాయన మర్యాదకు అడిగాడు, పోయిన పని అయిందా అని.

"మీ దువాతో..." అని అబ్బా ఆగిపోయాడు. ఆ మాట ఆయన నోట సగంలో ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. గెలిచి వస్తున్న రైల్లో నాకు ఏడుపొచ్చింది.