మట్టెడ్ల నడక

మట్టి ఎద్దును ఒక్క అడుగు నడిపించాలంటే పన్నెండు ఫోటోలు తీయాలి. కాలు గోరంత ముందుకు జరపాలి, చెయ్యి తీసేయాలి, ఫోటో కొట్టాలి. మళ్లీ గోరంత. ఆ పన్నెండూ ఒక్క సెకనులో వరసగా పరుగెత్తితే, చూసేవాళ్ల కంటికి ఎద్దు తనంతట తానే నడిచినట్టు ఉంటుంది. మధ్యలో వేరే ఏది కదిలినా నడక చెడిపోతుంది.

నేను చదువు చెప్పే బడి పిల్లలకు చూపించడానికని ఇంట్లో చెప్పి, వేసవి సెలవుల్లో ఆ పని పెట్టుకున్నాను. అసలు సంగతి వేరు. అంతకుముందు ఏడు మా బాపు ఎడ్లజతను అమ్మేశాడు. దున్నకానికి ట్రాక్టర్ వస్తోంది, మేత మోయడానికి ఆయన నడుము సహకరించడం లేదు. అమ్మిన రోజు నుంచి కొట్టం వైపు తల తిప్పలేదు. వాటి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. ఆ జతను ఆయన ముందు ఒక్కసారి నడిపించి, ఆయనతో మాట్లాడించాలని నా పంతం.

ఆ ఎండల్లో పంతాలు సాగుతాయా? హుజూర్‌నగర్‌లో కొన్న రంగు మట్టి వేడికి మెత్తబడి ఎడ్లు కూలబడ్డాయి. సరేనని చేలోంచి రేగడి తెచ్చి, లోపల తీగ పెట్టి చేశాను. మోకాళ్ల దగ్గర పగుళ్లు. పది ఫోటోలకోసారి తడిగుడ్డతో తుడవాలి. ఫ్యాన్ వేస్తే బల్లమీద పరిచిన గడ్డి ఊగుతుంది, వేయకపోతే నా చెమట ఎడ్లమీద రాలుతుంది. వెలుతురు మారకూడదని కిటికీకి అట్ట కొట్టి, బల్బు కింద ఉడికిపోయాను. వారం రోజులకు పదకొండు సెకన్లు. తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి మా అవ్వ, అంటే అమ్మ, బల్ల ముందు నిలబడి ఉంది. ఎడ్ల నుదుట పసుపు, కుంకుమ. మూతి దగ్గర నైవేద్యంగా బచ్చం, అదే బొబ్బట్టు, ముక్క. రెండింటినీ తూర్పుకు తిప్పింది కూడా.

"ఏం చేసినవే అవ్వా" అని అరిచాను.

"ఇయ్యాల ఏరువాక పున్నమి గదా. యేటా మట్టెడ్లు చేసి మొక్కుతం. నువ్వు యాదికి పెట్టుకొని చేసినవనుకున్న బిడ్డ."

తడిమట్టిలో పసుపు ఇంకిపోయింది. గీకితే మొహమే ఊడొస్తుంది. ఇంతవరకూ తీసిన ఫోటోల్లో బొట్టు లేదు. అవ్వ బిక్కమొహం చూసి నామీద నాకే అసహ్యం వేసింది, అయినా కోపం మాత్రం దిగలేదు.

అరుపు విని బాపు వచ్చాడు. నా వారం కష్టం ఎట్లా మట్టిపాలైందో చూడమని ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. పదకొండు సెకన్లు చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి చూశాక తెరమీద ఒక ఎద్దు కాలిమీద వేలు పెట్టాడు.

"దాపటిది ముందుకాలు జర ఈడుస్తుండె. నువ్వు ఈడ్వకుంట సక్కగ నడిపిచ్చినవ్."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట. దాని వెనకే ఇంకోటి వచ్చింది.

"బొట్టు పెట్టకుంట ఏ యేడన్న అరక కట్టిన్నా నేను? మీ అవ్వ మొక్కినంకనే అడుగేయాలె. మొదటికెంచి తియ్యి."

ఏడుపొచ్చింది. ఆయన చెప్పింది నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. పదకొండు సెకన్లూ తుడిపేసి, బొట్టు పెట్టిన ఎడ్లను మళ్లీ గడ్డి మొదట్లో నిలబెట్టాను. బాపు పీట లాక్కుని కూర్చుని, ఎడమవైపున్న దాపటి ఎద్దు కాలు తానే గోరంత జరిపాడు.

"చెయ్యి తియ్యి బాపూ, ఫోటో కొట్టాలె" అన్నాను.

ఆయన చెయ్యి ఎద్దు మూపురం మీద అట్లాగే ఉంది.