గూడ్సు వెళ్ళేదాకా

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పుట్టుకతోనే చూపు లేనిదాన్ని, చీకటి పేరు చెప్పి నన్నెవరూ భయపెట్టలేకపోయారు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ని. పొద్దస్తమానం అందరి కంగారూ చెవిలో పోయించుకుని ఇంటికొస్తే, మా వదిన తెలుగు కథలు చదివి వినిపించేది. మా క్వార్టర్ యార్డు పక్కనే. గూడ్సు వచ్చిందంటే మాట వినబడదు. వదిన వాక్యం మధ్యలోనే ఆగి, "ఉండమ్మా, గూడ్సు ఎల్లనీ" అనేది. చివరి పెట్టె దాటాక ఆగిన మాట దగ్గరే అందుకునేది.

అన్నయ్య రిటైరయ్యాక రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడికి రైలు చప్పుడు రాదు. ఏడాది తిరక్కుండానే వదిన పోయింది. మేనకోడలు స్వాతి తెలుగు కూడబలుక్కుని చదువుతుంది; రెండు పేరాలకే ఇద్దరికీ నీరసం. కథలు లేని సాయంత్రాలు ఎంత బరువయ్యాయో చెప్పలేను.

అందుకే బ్రెయిలీ డిస్‌ప్లే కొనాలనుకున్నాను. ఫోన్లో ఉన్న పుస్తకం ఒక్కో వరుస చొప్పున చుక్కలై వేళ్ళ కింద లేచే యంత్రం అది. అమ్మేవాళ్ళు రెండు రకాలు ఇంటికి పంపి, వారం వాడి నచ్చింది ఉంచుకోమన్నారు. పెద్దదాని అంచు మణికట్టుకి ఒరుసుకుంది, చుక్కలు పల్లేరుకాయల్లా గుచ్చుకున్నాయి. చిన్నది ఎత్తు తక్కువ, చుక్కలు మెత్తన. వరుసవరుసకీ మీట నొక్కితే బొటనవేలు లాగేస్తోందని, వరుసలు వాటంతటవే మారేలా పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం చిన్నదాని మీద చదువుతుంటే వాక్యం మధ్యలో వరుస ఆగిపోయింది. ఎంతకీ కదల్లేదు. ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకునేలోగా దానంతటదే సాగింది. కాసేపటికి మళ్ళీ అదే తంతు. అదే కథ పెద్దదాని మీద పెడితే ఎక్కడా ఆగలేదు. అమ్మేవాళ్ళు సెట్టింగులన్నీ అడిగి, అంతా సరిగ్గానే ఉందన్నారు.

"ఖరాబ్ అయిపోనాది అత్తా, వాపస్ ఇచ్చీ" అంది స్వాతి.

మర్నాడు సాయంత్రం పాత క్వార్టర్ పక్కింటి లక్ష్మి పిన్ని స్వాతి ఫోన్‌కి చేసింది. నేను చదువుకుంటూనే స్పీకర్లో మాట్లాడుతున్నాను. వేళ్ళ కింద వరుస ఆగింది.

"ఉండమ్మా, గూడ్సు ఎల్తన్నాది. ఏటీ ఇనబడ్డం లేదు" అంది పిన్ని అప్పుడే.

ఫోన్లో పెట్టెల చప్పుడు. నా చేతులు వరుస మీదే ఉన్నాయి. చప్పుడు సన్నగిల్లి, ఆగింది. వరుస కదిలింది.

ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. తర్వాత ఏడుపొచ్చింది. కాకతాళీయమేమోనని ఆ వారంలో ఇంకో రెండుసార్లు, వరుస ఆగగానే పిన్నికి ఫోన్ చేయించాను. రెండుసార్లూ అక్కడ గూడ్సు వెళుతోంది.

గడువు అయిపోయింది. చిన్నదే ఉంచుకుంటానన్నాను. ఇందులో ఏదో లోపం ఉన్నట్టుంది, అదే రకం కొత్తది పంపుతాం, ఇది తిరిగి ఇచ్చేయండి అన్నారు వాళ్ళు. వద్దన్నాను. ఎందుకని అడిగారు. రోజంతా అలిసిన చేతులకి అది ఆగిన ఆ కాసేపే విశ్రాంతి అని చెప్పాను.

అది నిజమే. మిగతాది నాకూ తెలియదు. ఇప్పుడు వరుస ఆగితే మీట ముట్టుకోను. గూడ్సు వెళ్ళేదాకా ఊరుకుంటాను.