లేని పన్నునొప్పికి ఎనిమిది మంది ప్రార్థన

నాంపల్లిలో ఇప్పటికీ నేను ఎదురుపడితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడవాళ్లు యాభై మంది ఉన్నారు. సరే, ఎనిమిది మంది. ఈ వయసులో ఎనిమిది మంది నవ్వడం కూడా అదృష్టమే కదా అనుకోకండి. నా మొహం మీద జరిగిన విధ్వంసం పూర్తిగా విన్నాక మీరు తొమ్మిదోవారవుతారు.

ఇది మూడేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై ఎనిమిది. అంటే చిన్నవాణ్ణి, తెలియనితనం.

నా పేరు దేవదానం. పార్సిల్ గుమాస్తాగా రిటైరయ్యాను. నా భార్య కరుణది మెదక్. పెళ్లయిన మొదటి ఏడు నుంచీ మాకొక అలవాటు ఉంది. పెళ్లిరోజున చర్చిలో కృతజ్ఞత చెల్లించి, నేరుగా ఆబిడ్స్‌లోని ఒక పాత స్టూడియోకి వెళ్లి ఫోటో దిగుతాం. ఆమె కుర్చీలో, నేను పక్కన, కుర్చీ మీద చెయ్యి వేసుకుని. అట్లా నలభై రెండు ఫోటోలు మా హాలు గోడ మీద వరసగా ఉన్నాయి. మొదటి ఫోటోలో నా జుట్టు చూస్తే దువ్వెన భయపడేది. ముప్ఫయ్యో ఫోటో దాటాక ఆ జుట్టు దీర్ఘకాలిక సెలవు పెట్టింది.

అయినా నేనేమీ అనుకోలేదు. నలభై రెండో ఫోటో దాకా.

ఆ ఏడు పాత ఫోటోగ్రాఫరుకు చూపు ఆనక, ఆయన కూతురు కెమెరా పట్టుకుంది. మమ్మల్ని ఎప్పుడూ చూసిన పిల్ల కాదు. కెమెరాలోంచి ఒకసారి చూసి, తల పైకెత్తి కరుణతో ఎంతో మర్యాదగా చెప్పింది.

"అమ్మా, మీ నాన్నగారిని కొంచెం మీ వైపు జరగమనండి."

నాన్నగారు జరిగాడు. ఆ ఫోటోలో కరుణ ముప్ఫై రెండు పళ్లూ కనిపించేట్టు నవ్వుతోంది. నేను ఎవరి సమాధికో దండ తెచ్చినవాడిలా ఉన్నాను.

బయటికి వచ్చాక అడిగాను. "నీకైతే మస్తు నవ్వొచ్చింది కదా?"

"ఔ, వచ్చింది. నాయినా, రోడ్డు దాటేటప్పుడు జర చెయ్యి పట్టుకో," అంది.

ఆ తర్వాత ఏడాదంతా అద్దంతోనే నా కాపురం. ముక్కు పక్క నుంచి మూతి చివరల దాకా రెండు గీతలు. గీతలంటే గీతలు కావు, వానాకాలంలో నీళ్లు నిలిచేవి. వచ్చే ఫోటోలో కరుణకు భర్తలాగా నిలబడాలి, తండ్రిలాగా కాదు. నా జీవితాశయం అదొక్కటే అయిపోయింది.

పెళ్లిరోజు శనివారం. ఆ ముందు బుధవారం, కరుణకు బస్‌పాస్ పని అని చెప్పి, ఆబిడ్స్ సందులో చెప్పుల కొట్టు పైనున్న చర్మవైద్యుల క్లినిక్ మెట్లెక్కాను. డాక్టరమ్మ చిన్న పిల్ల. అన్నీ ఓపిగ్గా చెప్పింది.

"అంకుల్, ఇది ఒక రకం జెల్. గీతల కింద నింపుతాం. తేడా వెంటనే కనిపిస్తుంది. కానీ కొన్నాళ్లు వాపు ఉంటుంది, కమిలిపోవచ్చు కూడా. పూర్తిగా సర్దుకోవడానికి రెండు వారాలు అనుకోండి. దగ్గర్లో ఫంక్షన్ ఏదైనా ఉందా?"

"ఏమీ లేదమ్మా," అన్నాను, శనివారాన్ని మింగేసి.

"రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? గుండెకు ఇస్తారు."

ఆ పొద్దున వేసుకున్న గుండె మాత్ర ఇంకా గొంతు దిగినట్టు లేదు. "నా గుండె ఇనుముతో చేసిందమ్మా."

"వయసు?"

"యాభై తొమ్మిది."

ఆమె నా మొహం చూసింది, కాగితం మీద రాసుకుంది, మళ్లీ నా మొహం చూసింది.

"ఎంతకాలం ఉంటుంది?" అన్నాను, మాట మారుస్తూ.

"మనిషిని బట్టి. ఏడాది అటూ ఇటూ. తర్వాత దానంతట అదే కరిగిపోతుంది."

ఆమె తీసిన సూది మూరెడు ఉంది. సరే, జానెడు. మీరట్లా చూస్తే ఎట్లా, వేలెడు. నేను వీరుడిలా కూర్చున్నాను. మత్తు క్రీము పూశాక చీమ కుట్టినట్టే ఉంటుందని చెప్పింది. నిజమే, చీమే. కాకపోతే ఆ చీమకు నా మీద ఏదో పాత కోపం ఉంది.

అద్దం ఇచ్చింది. గీతలు నిజంగానే పూడిపోయాయి. యాభై తొమ్మిది అని చెప్పి తప్పు చేశాను, నలభై తొమ్మిది అనాల్సింది అనుకున్నాను. ఆమె ఒక కాగితం చేతిలో పెట్టి, "ఇందులో రాసినవేవీ చేయకండి అంకుల్," అంది. ఒకసారి చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆబిడ్స్‌లో కొట్లున్నంత దూరం ప్రతి అద్దంలోనూ నన్ను నేను చూసుకుంటూ నడిచి, ఆ సంబరంలో ఇరానీ హోటల్లో చాయ్ చెప్పాను. మత్తు దిగని పెదవి చాయ్‌ని లోపలికి రానివ్వలేదు. సగం కప్పు చొక్కా తాగింది. ఆ సగం కప్పే నా కొంప ముంచబోతోందని అప్పుడు తెలియదు.

గురువారం పొద్దున లేచేసరికి కుడి బుగ్గ నాకంటే ముందు లేచి కూర్చుంది. కంటి కింద నేరేడుపండు రంగు.

"ఏందయ్యా, మొఖం ఒక దిక్కు గట్ల పెరిగింది?" అంది కరుణ.

"పన్ను నొప్పి."

"ఏ పన్ను?"

"వెనకది."

"రంగు గూడ మారిందేంది?"

"బాగా వెనకది."

అయ్యో అనుకుంటూ ఆమె చాయ్ మరకల చొక్కా నానబెట్టడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నా మీద ప్రేమ రెండింతలైంది. ఉప్పు మూట వేడి చేసి తెచ్చింది. "జర కాపుకో." వద్దన్నాను. లవంగనూనె తెచ్చింది. "గట్టిగ రుద్దుత, సల్లబడ్తది." పారిపోయాను. మరుగుతున్న నీళ్లగిన్నె, దుప్పటి పట్టుకొచ్చింది. "ఆవిరి పట్టు." బాత్రూమ్‌లో దాక్కున్నాను. చివరికి, "పోనీ, గా బుగ్గ దిక్కే ఒరిగి పండు, వాపు దిగుతది," అంది. ఆ రాత్రి శవంలా వెల్లకిలా పడుకున్నాను.

"ఏది చెప్పినా వద్దంటివి," అని నిట్టూర్చింది. "ఇగ దేవునికే చెప్త."

శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల సమాజం మా ఇంటికి వచ్చింది. ఎనిమిది మంది. నాయకురాలు గ్రేసమ్మ అక్క. ఆమె నాంపల్లిలో పళ్ల డాక్టరు కూడా. నన్ను నడుమ కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. గ్రేసమ్మ నా బుగ్గ మీద చెయ్యి వేయబోయింది. నేను వెనక్కి వంగాను. ఆ చెయ్యి వచ్చింది. నేను ఇంకా వంగాను. ఆమెన్ అనే సమయానికి నా తల వెనక గోడకు ఆనుకుంది, కుర్చీ రెండు కాళ్ల మీద ఉంది.

"ప్రార్థన అయింది. ఇగ నా పని," అని గ్రేసమ్మ సంచీలోంచి మెరుస్తున్న పట్టకారు తీసింది. "నోరు తెరువు అన్నా. ఏ పన్ను?"

ఏదో ఒకటి చూపించాను.

"గిది రాయి లెక్క ఉంది కదా."

"పీకెయ్యక్కా," అంది కరుణ. "పాపం, రాత్రంత నిద్ర లేదు."

జుట్టు పోయింది, చూపు తగ్గింది, మోకాళ్లు మొరాయించాయి. ఆ పన్ను ఒక్కటే నన్ను ఏనాడూ మోసం చేయలేదు. దాన్ని నా అబద్ధానికి బలిచ్చేంత దుర్మార్గుణ్ణా? పట్టకారు పెదవికి చల్లగా తగిలింది.

"పన్ను బాగుంది," అని అరిచాను. "బుగ్గలో సూది వేయించుకున్నా. ముడతలు పోవాలని."

 కరుణ నెమ్మదిగా తన బైబిల్ తెరిచి, అందులోంచి చాయ్ మరకల కాగితం ఒకటి తీసి, కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"'ముఖానికి వేడి తగలనీయరాదు.' ఉప్పు మూట. 'రుద్దరాదు.' లవంగనూనె. 'ఆవిరి పట్టరాదు.' 'పక్కకు ఒరిగి పడుకోరాదు.' అన్నీ వరసగ చెప్పిన, ఒక్కటన్న చేయకపోతివి. మంచిగనే గుర్తు పెట్టుకున్నవ్."

ఎనిమిది మందీ ఒక్కసారిగా పగలబడ్డారు. గ్రేసమ్మ పట్టకారు కింద పడింది.

"ఒకటి మాత్రం నవ్వేది కాదు," అంది కరుణ, కళ్లద్దాలు తీసి. "రక్తం పలచబడే మాత్రలుంటె ముందే చెప్పాలె అని రాసుంది. చెప్పినవా?"

తల దించుకున్నాను.

"నాకెర్క. నిన్ననే కాగితం మీది నంబరు చూసి గా డాక్టరమ్మకు ఫోన్ చేసిన. కమిలింది తప్ప ఫికర్ లేదన్నది, మాత్ర ఆపొద్దన్నది. నీ అసలు వయసు గూడ చెప్పిన."

"మరి ఈ ప్రార్థన అంతా?"

"పన్ను కోసం ఎవరు చేసిన్రు? నీ బుద్ధి కోసం చేసినం."

అందరూ వెళ్లాక అడిగింది, ఎందుకు చేశావని. నాన్నగారు అన్నందుకని చెప్పాను.  కరుణ నా ఎడమ బుగ్గ వైపు, వాపు లేని వైపు, చూపుడువేలు చూపించింది. "నీ మొఖం మీది గీతలల్ల సగం నేను పెట్టినవే. నన్ను అడగకుంట ఎట్ల చెరుపుతవ్?"

శనివారం ఆమె కుర్చీలో, నేను పక్కన. కుడి బుగ్గ నేరేడుపండు నుంచి పచ్చి అరటికాయ రంగుకు మారుతోంది. ఆ ఫోటోగ్రాఫరు పిల్ల నన్ను చూసి కంగారుపడింది.

"ఫికర్ చేయకండి అంకుల్. ఆ మచ్చ, వాపు, ముడతలు అన్నీ కంప్యూటర్లో తీసేస్తా. రెండు నిమిషాల పని. పోయినసారే అడుగుదామనుకున్నా, మీరు కోపంగా వెళ్లిపోయారు."

నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. 

"ఏం తియ్యకు బిడ్డా," అంది కరుణ. "ఎట్లున్నడో గట్లనే ఉండనియ్."

ఉంది. నలభై మూడో ఫోటో గోడ మీద అట్లాగే ఉంది. వచ్చిన వాళ్లందరికీ ఆమె ముందు అదే చూపిస్తుంది. జెల్ ఎప్పుడో కరిగిపోయింది. గీతలు సామానంతా సర్దుకుని పాత ఇంటికి తిరిగొచ్చాయి.

కాబట్టి, నాంపల్లి నివాసి దేవదానం అనే నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, ఇకపై నా ముఖంలో ఏ పదార్థమూ నింపించుకోననీ, డాక్టర్ల దగ్గర వయసు గానీ మాత్రలు గానీ దాచననీ, ఆరోగ్యంగా ఉన్న ఏ పన్ను మీదా నింద మోపననీ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సాక్షి సంతకం కరుణ చేయాలి.

ముందు నా చొక్కా జేబులు వెతికి, తర్వాత చేస్తానంది.