బావమరిది స్లాబు కింద

ఇప్పుడంటే నా మోకాళ్లే నా మాట వినవు గానీ, ఆ రోజుల్ల కోర్టే విన్నది. అల్లాటప్పా కోర్టు గాదు, కట్టడాల కాంట్రాక్టు తగాదాలు తేల్చే కమర్షియల్ కోర్టు. నా ఒక్క మాట మీద తీర్పిచ్చింది. (మరీ అంత గాదు. ఆ కోర్టు మెట్లు సుత నేనెక్కలేదు. అయినా మొదలు గట్టిగుండాలె గద!) బొగ్గుబాయి పని నుంచి రిటైరైన కొత్తల, అంటే నా రెండో పడుచుదనం. గోదావరిఖనిల మా బావమరిది ఒక ఫంక్షన్ హాలు కట్టిండు. స్లాబు నాసిరకమని ఓనరు కేసేసిండు. తప్పని తేలితే బావమరిదికి ఇగ ఎవ్వరూ కోళ్లగూడు పని గూడ ఇయ్యరు. చూసి రమ్మని కోర్టు ఒక ఇంజనీరమ్మను పంపింది.

"బావా, నువ్వు పెద్దమనిషి లెక్క నిలబడు సాలు. నోరు తెరవకు, నీకు దండం పెడత," అన్నడు బావమరిది. నోరైతే తెరవలే. కానీ చేతులున్నయి గద! బాయిల మాకొక అలవాటు: ఎక్కడ నిలబడ్డా ముందు పైకప్పును కట్టెతోని కొట్టి చూడాలె. ఖంగుమంటే బతుకు, డొబ్బుమంటే ఉరుకు. (అత్తగారింట్ల గూడ కొట్టి చూసిన్నని మా ఇంటామె ఇప్పటికీ దెప్పుతది.)

ఇంజనీరమ్మ మెట్ల కింద వంగి చూస్తున్నది. "ఇక్కడ మనుషులు తిరిగినా ఏం కాదా?" అనడిగింది. "ఏనుగును కట్టేసుకోండ్రి మేడమ్!" అని బావమరిది రొమ్ము విరిచిండు. నా చేతికట్టె దానంతటదే లేచింది. డొబ్బు! "కప్పు పడ్తది, ఉరుకుండ్రీ!" అని కేకేసి, ఇంజనీరమ్మ చెయ్యి వట్టి గుంజి, ప్రాణం కాపాడి బయటవడేసిన. మాకంటె ముందు గేటు దాటింది మా బావమరిదే.

కప్పు పడలే. పెచ్చు గూడ రాలలే. ఇంజనీరమ్మ నిమ్మళంగ అడిగింది: "స్లాబు గట్టిదన్నారు. మరి మీరెందుకు ఉరికారు?" బావమరిది నా దిక్కు చూసిన చూపుకు బొగ్గు సుత అంటుకునేది. గేటుకాడ నిలబడి అంతా చూసిన ఓనరు పొట్ట పట్టుకొని నవ్వి నవ్వి కూలవడ్డడు. గంత నవ్వినంక ఇగ కొట్లాడుడేంది? మెట్ల కాడిది మళ్ల పోస్తనని ఈయన, సరేనని ఆయన. రాజీ కాయితం కోర్టుకు పోయింది, బావమరిది పని బతికింది. ఇప్పుడా హాల్ల పెండ్లిబువ్వ తినుకుంట, ఎంత ఉషారుగుంటినో అని ఒక్కన్నే మురుస్తుంట.

ఇది రాసి మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. (ఆ దినం చాయ తెచ్చి గేటుకాడ నిలబడ్డది ఆమెనే.)

"ముందుగాల గేటు దాటింది మా తమ్ముడు గాదు, నువ్వు. ఆ పిల్లను ఆడనే ఇడిసిపెట్టి ఉరికినవ్. ఆమెనే మెల్లగ నడుసుకుంట వచ్చి, ఇడిసిపోయిన నీ చెప్పు తెచ్చిచ్చింది."