మూడాకులు వేసేదాకా

మా పెద్దబాపు పోయాడని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను భైంసాలో సోయా విత్తనాల బస్తా ఆటోకెత్తిస్తున్నాను. ఆయన వద్దన్న బస్తానే. ముందురోజు సాయంత్రం దానిమీదే ఇద్దరం మాటామాటా అనుకున్నాం. "నీ డబ్బాలు చూసుకుంట కూసుంటె వాన ఆగుతదా?" అని విసురుగా లేచి వచ్చాను. ఆయనతో నా చివరి మాట అదే. నిజం చెప్తున్నా, ఏడుపు కంటే ముందు చిరాకే వచ్చింది. వాదన సగంలో వదిలి వెళ్ళే మనిషి కాదాయన.

ఆ డబ్బాల సంగతి చెప్పాలి. యాసంగిలో నా మక్కజొన్న చేనుకు గడ్డిమందు కొట్టాను. ఒక్క దెబ్బకు గడ్డి చావాలని, దుకాణంవాడు చెప్పినదానికి రెట్టింపు కలిపాను. మక్క నిక్షేపంగా పండింది. పెద్దబాపుది మాత్రం ఎండాకాలమంతా ఒకటే పోరు.

"గా మందు మక్క అరిగించుకుంటది. సోయాకు అరగదు. నల్లరేగడి, ఇంక మట్టిల్నే ఉన్నదేమో చూడాలె."

చూడ్డమంటే, నా చేను నాలుగు మూలల మట్టి తెచ్చి ఒక పెరుగు డబ్బాలో నింపాడు. మందు పడని గట్టు మట్టి ఇంకో డబ్బాలో. రెండింట్లో ఐదేసి సోయా గింజలు వేసి పిట్టగోడ మీద పెట్టాడు. వడియాలు ఎండబెట్టే జాగా పోయిందని పెద్దమ్మ గొణిగింది.

ఐదోరోజుకు రెండింట్లోనూ పచ్చగా మొలిచాయి. ఇంకేముంది, విత్తనాలకు పోతానన్నాను. ఆయన తాపీగా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మొలిచిందని మురవకు. గింజ తన సద్ది తనే తెచ్చుకుంటది. సద్ది ఒడిసినంక గదా భూమి పెట్టింది తినేది. మూడాకులు ఏసినంక మాట్లాడు."

ప్రతిదానికీ ఇంతే. బస్సు ఎదురుగా వచ్చి ఆగినా బోర్డు పూర్తిగా చదివితే గాని ఎక్కడు. అట్లా నాకు ఎన్ని బస్సులు తప్పాయో. మా బాపు పోయాక నా చేను పడావు పడి బీడు కాకుండా కాపాడింది కూడా ఈ చాదస్తమే. అది అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమని జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఎండ నెత్తికెక్కినా కాకి ముట్టదు. ఏదో కోరిక మిగిలిందన్నారెవరో. అందరూ నావైపే చూశారు. పళ్ళు కొరుక్కుంటూ చేతులు జోడించాను.

"సోయా పెట్ట పెద్దబాపు. జొన్నలే పెడత."

కాకి వచ్చి పిట్టగోడ మీద, డబ్బాల పక్కన కూర్చుంది. విస్తరి వైపు తల కూడా తిప్పలేదు.

"ఆయన ఉత్త మాట నమ్మే మనిషా? కండ్లార చూడాలె," అంది పెద్దమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. చివరికి విస్తరి ఆవుకు పెట్టాం.

పదోనాడు చుట్టాలంతా వెళ్ళాక గోడ దగ్గరికి పోయాను. ఇన్నాళ్ళూ పెద్దమ్మే నీళ్ళు పోసింది. గట్టు మట్టిలో మొక్కలు మూడాకులు వేసి నిగనిగలాడుతున్నాయి. నా చేని మట్టిలోవీ మూడాకులు వేశాయి. కాని కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి మాడుతున్నాయి. ఒక్కటీ మిగిలేలా లేదు.

"సరే, నువ్వే గెలిచినవ్ తియ్," అన్నాను.

ఇక్కడ "నేను చెప్పలే?" అనే మాట రావాలి. నా జీవితమంతా ఆ మాటంటే ఒళ్ళు మండేది. దానికోసమే అక్కడ చాలాసేపు నిలబడ్డాను. పెద్దమ్మ చెంబు తెచ్చి రెండు డబ్బాల్లోనూ సమంగా నీళ్ళు పోసి లోపలికి పోయింది.