గాత్ర శుద్ధి

బెంజ్ సర్కిల్లో ఒక మేడ మీద, ఏసీ గదిలో, గొంతులు బాగుచేసే క్లాసు ఒకటుంది. ప్రకటనలు చదివే ఉద్యోగం మీద ఆశతో నేనూ చేరాను. పట్టు లాల్చీ వేసుకున్న మాస్టారు మొదటిరోజే, "గానం చేసేది గనుక గాత్రం" అని సెలవిచ్చారు. అందరం బుద్ధిగా రాసుకున్నాం. నాకు అనుమానమొచ్చి నిఘంటువు తిరగేశాను. సంస్కృతంలో గాత్రమంటే ఒళ్లట, కదలడం అన్న అర్థంలోంచి పుట్టిందట. గొంతు అన్న అర్థం దానికి మన దగ్గర తర్వాత వచ్చి చేరింది. ఆ మాటే చెబితే మాస్టారు ముఖం చిట్లించారు.

"డిక్షనరీలు తర్వాతమ్మా. ముందు నీ గొంతులో చేపల బజారు వినబడుతోంది, అది కడుక్కో."

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మా అమ్మ భవానీపురం వీధుల్లో చేపలమ్ముతుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అమ్మ కేకకి ఒక పద్ధతుంది. పొద్దున పట్టిన చేపైతే "శీలావతీ... బొచ్చే..." అని చేపల పేర్లు వీధి చివరిదాకా సాగదీస్తుంది. ఐసులో నిలవున్నదైతే మలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఐసు చేపండీ" అని ఒక్కసారే అంటుంది. కావలసినవాళ్లు వస్తారు, లేనివాళ్లు గడప దాటరు. ఆ వీధుల్లో ఎవరూ తాజాదో కాదో అని మొప్పలెత్తి చూడరు. కేక విని గిన్నె పట్టుకొస్తారు.

కిందటేడు అమ్మ గొంతు బొంగురుపోయింది. నెల్లాళ్లు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. నాకు తెలివి పొంగుకొచ్చింది. బ్యాటరీతో నడిచే మైకు పెట్టె కొని ఆమె తోపుడుబండికి కట్టాను. శుద్ధి చేసుకున్న నా గాత్రంతో రికార్డు చేశాను: "తాజా చేపలు! నాణ్యమైన చేపలు! దయచేసి విచ్చేయండి!"

అమ్మ విని, "ఎవరే ఈవిడ?" అని గుసగుసగా అడిగింది.

"నేనేనమ్మా."

అమ్మ నా మాట కాదనలేక పెట్టెతోనే వెళ్లింది.

ఆ శనివారం దొరికింది ఐసు చేప. పెట్టెకేం తెలుసు? రోజంతా తాజా తాజా అని అరిచింది. ఆదివారం నేనూ వెంట వెళ్లాను. మొదటి వీధిలోనే, ఏళ్ల తరబడి అమ్మ దగ్గర కొంటున్న పెద్దావిడ గేటు తీసి బయటికొచ్చింది.

"ఏమ్మా, ఇన్నేళ్లలో నీ నోట అబద్ధం వినలేదు నేను. నిన్నటిది ఐసు చేపేగా?"

మాట్లాడకూడని అమ్మ మాట్లాడింది. "నిజమేనండీ. ఆ నోరు నాది కాదండీ. మా అమ్మాయిదండీ."

పెద్దావిడ నా వైపు చూసింది. అమ్మ పెట్టె ఆపి, దాన్ని బండి మీది గోనెపట్టా కిందకి తోసేసి ముందుకు నడిచింది. వద్దమ్మా అన్నా వినలేదు. మలుపు దగ్గర నడుం నిటారుగా చేసి, ఒళ్లంతా బిగబట్టి "శీలావతీ..." అని కేకేసింది. వచ్చింది సగం కేకే. అయినా రెండు గేట్లు తెరుచుకున్నాయి.

నేను వెనకాల బండి నెట్టుకుంటూ నడిచాను, నోరు మూసుకుని.